ఆఖరి గ్లాసు

"నాన్న సీసా ముట్టుకున్నదెవరు?"

పెద్దాడు అంత గట్టిగా అరవడం ఆ బారులో ఎవరూ విని ఉండరు. మధ్యాహ్నం కాబట్టి సరిపోయింది. కుర్చీలు ఇంకా బల్లల మీదే బోర్లించి ఉన్నాయి. అతని చేతిలో పొడుగు మెడ బ్రాందీ సీసా ఉంది. దాని మూతికున్న ఎర్ర లక్క పెచ్చులు పెచ్చులుగా అలమరలో రాలిపడింది.

కౌంటరు వెనక నిమ్మకాయలు పిండుతున్న చిన్నాడు చేతులు తుడుచుకున్నాడు. "నేనే, పొద్దున లక్క తీసిపెట్టా. సాయంత్రం వాళ్ల ముందు కత్తితో గీకుతూ కూర్చుంటే ఏం బావుంటుంది? దానికింత రాద్ధాంతం దేనికన్నయ్యా?"

"లక్క తీసి?"

"మళ్ళీ మూత పెట్టేశా. వాసన కూడా చూళ్లేదు."

పెద్దాడు సీసాలో స్ట్రా ముంచి, పైకొసను వేలితో మూసి, పైకి తీసి, ఒక్క చుక్క నాలుక మీద వదులుకున్నాడు. మందు కలిపేవాడు గుటక వెయ్యకూడదు, చుక్కతోనే రుచి కట్టాలి. అది వాళ్ల నాన్న పెట్టిన నియమం. ఇందాక ఒకసారి చూశాడు, ఇది రెండోసారి. నాలుక చురుక్కుమనలేదు. గొంతు వెచ్చబడలేదు. తియ్యటి నీళ్లు, అంతే.

ఒళ్లు మండిపోయింది పెద్దాడికి. మండదూ మరి! పాతకాలపు బ్రాందీ కాక్‌టెయిళ్లకి పెట్టింది పేరు వాళ్ల బారు. ఒక్కో గ్లాసుకీ ఒక కథ ఉంటుంది. వాటన్నిటికీ తలమానికం 'ఆఖరి గ్లాసు'. వెనకటికి ఎవరో ఒకాయన రోజూ తప్పతాగేవాడట. విసిగిపోయిన పెళ్లాం ఓ సాయంత్రం పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడిందట. ఆయనకి నాన్న ఈ సీసాలోంచి బ్రాందీ వంచి, నారింజ తొక్క నలిపి, నిమ్మరసం పిండి ఓ గ్లాసు చేతికిచ్చాడట. అది తాగిన మనిషి జన్మలో మళ్ళీ మందు ముట్టలేదట. నాన్న నోటి వెంట పదే పదే విన్న ఆ కథను పెద్దాడు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి చెబుతుంటే జనం కళ్లు తుడుచుకునేవారు. తుడుచుకుని రెండో గ్లాసు అడిగేవారు. మానేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

ఆ సాయంత్రమే పాత మందుల రుచులు కట్టి పేరు తెచ్చుకున్న పెద్దమనుషులు నలుగురు వస్తున్నారు. నాన్న సీసాలోంచే మొదటి గ్లాసు కలిపిస్తానని పెద్దాడు వాళ్లకి మాటిచ్చాడు. ఇప్పుడు వాళ్ల ముందు చక్కెర నీళ్లు పెట్టాలి.

"తాగేసి నీళ్లు కలిపావు కదరా."

"నేనా?"

"అలమర తాళం ఎక్కడుంటుందో తెలిసింది ముగ్గురికి. నేను కాదు. ఇక అమ్మ తాగిందంటావా?"

"నేను తాగలేదన్నయ్యా."

"స్టోరు గదిలో తాగి దొరికినవాడివి, నీ మాటకి విలువేంటి? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?"

చిన్నాడి మొహం ఎర్రబడింది. "మీసాలు రాకముందు చేసిన తప్పు అది. నాన్నే మర్చిపోయాడు, నువ్వు మర్చిపోవా? చచ్చేదాకా దెప్పుతావా?"

"నాన్న పేరెత్తకు. మందు అమ్ముతూ బతికి, మందు చుక్క మింగని మనిషి ఆయన. ఆయన కడుపున చెడబుట్టావు. ఫో. ఇంకోసారి ఈ కౌంటరు లోపల కాలు పెడితే విరగ్గొడతా."

చిన్నాడు ఏప్రన్ విప్పి అన్న మొహాన కొట్టాడు. "పోతా. నువ్వు కాళ్లు పట్టుకున్నా మళ్ళీ రాను. తోడబుట్టినవాణ్ణి దొంగని చేశావు, గుర్తుపెట్టుకో."

మూల బల్ల దగ్గర నారింజ తొక్కలు సన్నగా వలుస్తున్న అమ్మ అంతవరకూ తలెత్తలేదు. ఇప్పుడు కత్తిని బల్ల మీద ఠపీమని పెట్టింది.

"చిన్నాడా, ఆగు. పెద్దాడా, ఆ ఏప్రన్ తీసి నీ చేత్తో వాడికి కట్టు."

"నువ్వూరుకో అమ్మా. నాన్న బ్రాందీ అంతా నీళ్లపాలు చేశాడు వీడు."

"వాడు కాదు. నేను."

ఇద్దరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ గొంతు నిండా కోపం.

"మొదట్లో చెంచాడు కలిపేదాన్ని. చక్కెర మాడబెట్టి, కాచిన నీళ్లు పోసి, రంగు తేడా రాకుండా. తర్వాత పావు సీసా. ఆ తర్వాత సగం. ఆ తాగే మనిషి కనిపెట్టేసరికి సీసాలో బ్రాందీ అన్నదే లేదు. ఆ రోజే మీ నాన్న దాన్ని పక్కన పెట్టి లక్క వేశాడు. సిగ్గు లేకుండా నీళ్ల సీసా కోసం ఒకడు తమ్ముణ్ణి తరిమేస్తాడు, ఇంకొకడు అన్న మొహాన గుడ్డ విసురుతాడు."

పెద్దాడు సీసాని కౌంటరు మీద పెట్టాడు. సాయంత్రం వచ్చేవాళ్లు గుర్తొచ్చి మళ్ళీ మండింది. "బావుందమ్మా, చాలా బావుంది. ఎవడో ముక్కూ మొహం తెలియని తాగుబోతు. వాడు మానితే ఏంటి, మానకపోతే ఏంటి? వాడి కోసం అన్నాళ్లు దొంగతనంగా నీళ్లు కలపాల్సిన ఖర్మ నీకేం పట్టింది?"

అమ్మ లేచి వచ్చి, కిందపడ్డ ఏప్రన్ తీసి దులిపి, పెద్దాడి చేతిలో పెట్టింది.

"ఆ కథలో పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడింది నేనేరా."