పళ్ళ మధ్య టీ పుల్ల

"నోరు తెరవరా," అన్నాడు దొర.

కారు డ్రైవరు గోల్ఫ్ మైదానంలో పచ్చికమీద వెల్లకిలా పడి ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి కట్టింది దొర మనుషులే. కట్టివేసి, ప్రహరీగోడ అవతలికి వెళ్ళిపోయారు. దొర బంతిని కొట్టే వేళ లోపల పరాయి మనిషి ఊపిరి కూడా వినిపించరాదు. అది ఆయన పెట్టిన నియమం. ఆ నియమం తప్పినందుకు ఒకడికి ఇదివరకే చెవి తెగింది.

కర్ర కొనను డ్రైవరు రొమ్ముమీద ఆనించాడు దొర. ఆ గుండెదడ కర్ర పొడవునా పాకి అరచేతికి తగిలింది. ఆయనకు హాయిగా ఉంది.

లోపల ఉండదగినవాడు బామ్మర్ది ఒక్కడే. బంతిని పేర్చడం, కర్ర తలను బంతి వెనుక సరిగ్గా ఆనించి పక్కకు తప్పుకోవడం పదేళ్ళుగా అతని కొలువు. దొర వంగడు. వంగడానికి వేరే నడుములున్నాయి.

"మీ అక్కను నిన్న పొద్దున కారెక్కించుకుపోయింది ఈ వెధవే. ఎక్కడ దింపాడో చెప్పడట. దానిమీద జాలితో నీ చెయ్యి వణికిందనుకో, బామ్మర్దీ, వీడి పక్కన పడుకునేది నువ్వే."

"గడప దాటిననాడే అది నాకు అక్క కాకుండా పోయింది బావా," అన్నాడు బామ్మర్ది. "దొరికితే ఏం చేస్తావు?"

"దొరికిన రోజే దానికి ఆఖరి రోజు."



దొర జేబులో మూడు టీలున్నాయి. బంతిని నేలకు ఎత్తున నిలబెట్టే, వేలెడేసి పుల్లలవి. చెక్కది ఒకటి, వెదురుది ఒకటి, ప్లాస్టిక్‌ది ఒకటి. వేళ్ళతో తడిమి చెక్కదాన్ని పైకి తీశాడు.

"వినరా డ్రైవరూ. ఏ టీ వాడితే బంతి దూరం పోతుందని జనం జుట్లు పట్టుకుంటారు. వట్టి మాట. బంతికేం తేడా ఉండదు. తేడా అంతా మోసేవాడికే. చెక్కది దయగలది, తను విరిగి దెబ్బను వదిలేస్తుంది. వెదురు విరగదు, దెబ్బను పంటి వేరులోకి దించుతుంది. ప్లాస్టిక్‌ది వంగి, కొరడాలాగా వెనక్కొస్తుంది. ఏ రకానికి నీకెన్ని పళ్ళు మిగుల్తాయో చూద్దాం."

"దొరగారూ, పిల్లలున్నవాణ్ణి..."

"పళ్ళు లేకపోయినా నాన్నా అనే పిలుస్తారు లే."

బామ్మర్ది మోకాళ్ళమీద కూలబడిన చప్పుడయింది. పొద్దున తడిపిన మట్టి వాసన గుప్పుమంది. "గట్టిగా కరుచుకో. కదిలావా, ముక్కు కూడా పోతుంది," అని డ్రైవరును హెచ్చరించి, కర్ర తలను పట్టి ఆనించాడు. "కానీ బావా."

కర్ర గాలిని చీల్చింది. టక్కుమని చెక్క విరిగింది. ఆ వెంటనే ఒక ఆర్తనాదం మైదానమంతా పరుచుకుంది. దూరాన రేకుల షెడ్డుమీద బంతి పడి ఖణేలుమంది.

"ఎన్ని?"

"ఒకటి కదిలింది, పెదవి చిట్లింది."

"ఎక్కడ దింపావురా దాన్ని?"

"తెలీదు దొరగారూ! దారిలో దిగిపోయారు!"

వెదురు టీ చేతులు మారింది. ఈసారి విరిగిన చప్పుడు లేదు. గొంతు మాత్రం రెండుగా చీలింది. దొర మణికట్టుమీద నాలుగు తడి చుక్కలు చిందాయి. ఆయన తుడుచుకోలేదు.

"ముందువి రెండూ ఊడొచ్చాయి బావా. నెత్తురు గొంతులోకి పోతోంది. తల పక్కకు తిప్పనా?"

"వద్దు. మింగనీ. విన్నావా, బంతి మళ్ళీ రేకులమీదే పడింది. నేను చెప్పలా?"

మూడవది ప్లాస్టిక్‌ది. దొర భుజాలు సడలించుకుని, కసినంతా నడుములోకి తెచ్చుకుని కొట్టాడు. కేక సగంలో తెగిపోయింది. కొంతసేపు పచ్చికమీద మడమలు కొట్టుకున్న చప్పుడే. తరువాత ఏడుపు, అందులో నుండి నత్తి మాటలు.

"సెప్తా దొలగాలూ... ఉత్తలం లేవు... పలవల సెద్దు..."

"ఉత్తరపు రేవంటున్నాడు," అన్నాడు బామ్మర్ది. "పడవలు బాగుచేసే షెడ్డట. దాని వెనక గదిలో ఉందట."

అబద్ధమాడేవాడి ఊపిరి పొట్టిదవుతుందని దొర సిద్ధాంతం. చెవి ఒగ్గి విన్నాడు. డ్రైవరు ఊపిరి దీర్ఘంగా, అలసటగా, ఓడిపోయినవాడి ఊపిరిలాగే ఉంది. దొర ఫోను తీశాడు.

"ఉత్తరపు రేవు, పడవల షెడ్డు. రెండు కార్లూ అటే పోనివ్వండి. ఇక్కడ ఒక్కడు మిగలొద్దు. దాన్ని ప్రాణంతో తెండి, మిగతాది నా చేతులతో నేను చూసుకుంటా."

గోడ అవతల ఇంజన్లు హోరెత్తాయి. ఆ హోరు ఉత్తరం వైపు సాగి, సన్నగిల్లి, మాసిపోయింది.

"సొంత అక్క విషయంలో కూడా నీ చెయ్యి వణకలేదు. మెచ్చానురా బామ్మర్దీ."

"నీ దగ్గర వణికితే పనులవుతాయా బావా?"

అతని వేళ్ళు చప్పుడు కానీయకుండా, డ్రైవరు తల పక్కన తలంత ఎత్తున పేర్చిన తడి మట్టిపెళ్ళలో నుండి ప్లాస్టిక్ టీని పెరికివేసి, ముప్పైరెండు పళ్ళూ బిగించి నవ్వాపుకుంటున్న డ్రైవరు కట్లు విప్పుతూ ఉంటే, పుట్టిన నాటినుండీ చూపు ఎరుగని దొర తృప్తిగా ఎండకేసి ముఖమెత్తి నిలబడ్డాడు.