సక్కటి బొక్కలు

హాలోవీన్ అట, దయ్యాల పండగ! అస్థిపంజరం బొమ్మను పిల్లలతో ఇంట్లోనే సులువుగా చేయించొచ్చని బడివాళ్లు ఫోన్‌కు వీడియో పంపారు. మర్రిగూడలో రెండో తరగతి చదివే స్నేహలత అది చూసి, నల్ల అట్ట మీద దూది పుల్లలతో అస్థిపంజరాన్ని అతికించి బడికి పట్టుకుపోయింది.

మేడం ఆ అట్టను అందరికీ ఎత్తి చూపింది. "చూడండి, దొడ్డికాళ్లు! మనిషి ఎముకలు తిన్నగా ఉంటాయమ్మా. మళ్లీ చేసుకొని రా."

తరగతంతా పగలబడి నవ్వింది.

ఇంటికొచ్చి స్నేహలత పుల్లలన్నీ పీకేసింది.

"మంచిగనే ఉండె గద బిడ్డా, ఎందుకు పీకినవ్?" అంది అవ్వ గుర్వమ్మ.

"నిన్ను చూసే చేసిన. గవి తప్పు బొక్కలట. మనుషులయి సక్కగుంటయట. నువ్వు మనిషివి కాదా అవ్వా?"

విల్లులా వంగిన కాళ్ల మీదికి గుర్వమ్మ చీర లాక్కుంది. "గీ బోరు ఫ్లోరైడు నీళ్లు తాగకముందు నేను గూడ మనిషినేనే."

స్నేహలత కొత్త పుల్లలు తెచ్చి, ఒక్కటీ వంగకుండా అతికించింది. ఈసారి మేడం మెచ్చుకుంటుంది.

జిగురు ఆరేలోపు దప్పికేసింది. నల్లా నీళ్లు రాక వారమైంది. బిందెలోని బోరు నీళ్లే గ్లాసు నిండా ముంచుకొని గటగటా తాగింది.