మూసిన కుళాయి

“మళ్ళీ మూసేశారు! చలికాలం లోపలి నుంచి నీళ్ళు కట్టేశాక పెరటి కుళాయి తెరిచే ఉంచాలని ఎన్నిసార్లు చెప్పాలి? మిగిలిన నీళ్ళు గడ్డకడితే గోడలో గొట్టం పగులుతుంది!” టొరున్ మండిపడింది.

“నేను ముట్టుకుంటే ఒట్టు,” అన్నాడు భర్త హల్వార్.

“అమ్మ లెక్కలో మనమే దొంగలం నాన్నా,” కూతురు సిగ్ని నవ్వింది.

ఆ మంచుదేశపు చలికాలంలో మధ్యాహ్నానికే చీకటి పడ్డ పెరట్లోకి టొరున్ విసురుగా నడిచింది. కుళాయి చుట్టూ కొత్త మంచు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు. ఆమె పిడిని బలంగా తిప్పి తెరిచింది. చేయి తీయకముందే అది ఆమె వేళ్ళ కింద నెమ్మదిగా వెనక్కి తిరగసాగింది.

“ఇది మా ఇల్లు. వదులు!” అని కసిరింది.

పిడి ఒక క్షణం ఆగింది. తరువాత పూర్తిగా బిగుసుకుంది.

టొరున్ లోపలికి వచ్చి గడియ పెట్టింది.

“రేపు ఆ గొట్టం కోయించేస్తున్నాను,” అంది మెల్లగా. “ఈ రాత్రికి ఎవరూ పెరట్లోకి వెళ్ళకండి.”