గట్టు మీది ప్రైవేటు

“ఆ పిల్లకి ఎవరో ప్రైవేటు చెబుతున్నారండీ. కాదనమనండి చూద్దాం,” అంది లక్ష్మీకాంతం కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

హెడ్మాస్టరు వరదానం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గోడవార బెంచీ అంచున పెర్సిస్ కూర్చుని ఉంది. రొయ్యల షెడ్డులో పొద్దుటి పని మానుకుని వచ్చింది. చేతుల వాసన వాళ్ళకు తగలకుండా కొంగులో దాచుకుంది.

ఏలూరులో ఒక కాలేజీవాళ్ళు లెక్కల్లో అసాధారణమైన తెలివి ఉన్న పిల్లలకు శనివారం తరగతులు పెడుతున్నారు. ఆకివీడు పక్కనున్న ఈ హైస్కూలుకు ఒకే ఒక్క సీటు. నెలకోసారి తల్లో తండ్రో వెళ్ళి అక్కడి టీచర్లతో కూర్చుని, ఇంటిదగ్గర బిడ్డకు ఏం చెయ్యాలో తెలుసుకోవాలి. ప్రైవేటు చెప్పించుకునే పిల్లలు మాత్రం పనికిరారు. చెప్పేవాళ్ళు లేని పిల్లల కోసమే ఆ తరగతులు. ఎనిమిదో తరగతి నుంచి పెర్సిస్ కూతురు హెప్సిబా పేరు పంపాలని స్కూలు అనుకుంది. శనివారాలు సెలవు కావాలని పెర్సిస్ అప్పుడే షెడ్డులో అడిగి పెట్టుకుంది కూడా.

ఆ మాట విన్నప్పటి నుంచి లక్ష్మీకాంతానికి అన్నం సహించడం లేదు. పెర్సిస్ మొగుడు తమ చేపల చెరువుకి కాపలావాడు. తమ గట్టు మీద, తమ రేకుల షెడ్డులో పెరిగిన పిల్ల ప్రతి పరీక్షలోనూ ఫస్టు. తన కొడుకు హేమంత్‌కుమార్ సెకండు. వాడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చేతిలో పెడితే ఆవిడ ముందు అడిగేది హెప్సిబా మార్కులే. తల్లిదండ్రుల సమావేశంలో పెర్సిస్‌ని నిలబెట్టి అందరూ చప్పట్లు కొట్టినప్పుడు చేతిసంచీ సర్దుకుంటూ కూర్చుంది. ఈ సీటు కోసమే ఈ ఏడాది కొడుక్కి ప్రైవేటు పెట్టించలేదు. సీటు రాకపోతే తాడేపల్లిగూడెం హాస్టల్లో పడేస్తానని వాడికి చెప్పేసింది. వాడి మీద ఆవిడకు వేరే కంప్లయింట్లు చాలా ఉన్నాయి. లెక్కకి జవాబు రాస్తాడు, దారి రాయడు, సగం మార్కులు పోగొట్టుకుంటాడు. బడి వదిలితే సైకిలెక్కి తిరుగుతాడు. చెబితే నవ్వుతాడు.

వరదానం హెప్సిబా నోటుబుక్కు తెరిచాడు. నీళ్ళు తోడకుండా చెరువులో ఎన్ని చేపలున్నాయో చెప్పగలరా అని తనే క్లాసులో అడిగాడట. హెప్సిబా లేచిందట. యాభై చేపల్ని పట్టి, రెక్క కొస కత్తిరించి వదిలేసి, నాలుగు రోజులయ్యాక మళ్ళీ వల వేసి, పడిన వాటిలో కత్తిరించినవి ఎన్నో చూస్తే చాలందట. బోర్డు మీద లెక్క కట్టి చూపించింది. ఎందుకలా వస్తుందో కూడా చెప్పింది.

“ఇది ఈ క్లాసు పుస్తకంలో లేదండీ. నేనూ చెప్పలేదు,” అని ఒప్పుకున్నాడాయన. “ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. పిల్లల బుర్రకి ఇంత తేలిగ్గా ఎక్కించడం నాకు చేతకాలేదు. చెప్పినవాళ్ళెవరో గాని సామాన్యులు కారు.”

లక్ష్మీకాంతం గుండెల్లో మంట పుట్టింది. అంతటి మనిషి తమ చెరువు గట్టుదాకా వచ్చి, తమ గడప తొక్కకుండా పోతున్నాడు. కాపలావాడి కూతురిలో ఏం చూశాడో. తన బిడ్డలో ఏం లేదో.

“నిజమేనా అమ్మా?” అని వరదానం పెర్సిస్‌ని అడిగాడు.

పెర్సిస్ నేల చూస్తూ మెల్లగా చెప్పింది. నిజమే. వారానికి మూడు సాయంత్రాలు, చేపలకు మేత వేసే వేళకి వస్తారు. బురదలో పుల్లతో గీసి చెబుతారు. పాపకు అర్థమయ్యేదాకా విసుక్కోరు. ఏమిచ్చినా పుచ్చుకోరు. అది ప్రైవేటు కిందికి వస్తుందని తనకు తెలియదు.

“అబద్ధమాడి పాపని పంపలేనండి,” అంది చివరికి.

వరదానం నోటుబుక్కు మూశాడు. “రూలు రూలేనమ్మా. ఈ ఏడాదికి పేరు పంపలేను. పాప తెలివికి మాత్రం ఏ లోటూ లేదు.”

పెర్సిస్ తలూపింది. కళ్ళు తుడుచుకోవాలంటే కొంగులోంచి చేతులు తియ్యాలి. తియ్యలేదు. ఇంటికెళ్ళి పాపకి ఏమని చెప్పాలో మీరే చెప్పండి సార్ అంది. వరదానం నోటుబుక్కు ఆమె వైపు జరిపాడు.

గెలిచినా లక్ష్మీకాంతానికి చల్లారలేదు. పిల్ల పేరు తీసేసిన కారణం ఫైల్లో రాయాలి కదా, అయితే చెప్పినవాళ్ళ పేరూ రాయండంది. ఏ సర్కారు టీచరో అయితే పైకి కాగితం పెడతానంది. లోపల మాత్రం వేరే లెక్క నడుస్తోంది. పేరు తెలిస్తే చాలు, సీటు చేతికి రాగానే కారు పంపించి హేమంత్ కోసం ఇంటికి పిలిపించుకుంటుంది.

“పేరు చెప్పొద్దన్నారండి. మాటిచ్చాను,” అంది పెర్సిస్.

“తప్పు పని కాకపోతే దాపరికం దేనికే?”

“మీరు బాధపడతారని అమ్మగారూ.”

“నాకేం బాధ? నా ఎదురుగానే చెప్పు. మాస్టారు రాసుకుంటారు.”

వరదానం పెన్ను తీశాడు. పెర్సిస్ తలెత్తి మొదటిసారి లక్ష్మీకాంతం కళ్ళలోకి చూసింది.

“మీ హేమంత్ బాబేనండి.”