అది నాదే

బావ మొదటి గుద్దుకే బావమరిది కళ్ళజోడు పగిలింది. రెండో గుద్దుకు పెదవి చిట్లింది.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అంతరిక్షంలో తిరిగే గామా కిరణాల టెలిస్కోపు పంపే డేటాను జల్లెడ పట్టడం వాళ్ళ పని. రేడియో తరంగాలు చిమ్మే ఒకానొక గెలాక్సీ నుంచి గామా కిరణాలు కూడా వస్తున్నాయని నిరూపించడానికి బావ ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా చూశాడు. తోటివాళ్ళు పిచ్చోడన్నారు. పోయిన వారం ఆ కిరణాలు దొరికాయి. భార్యకు కూడా చెప్పలేదు. ఎల్లుండి సమావేశంలో ప్రకటించి, నవ్విన నోళ్ళు మూయించాలనుకున్నాడు.

ఇంతలో ఈ ఉదయం బావమరిది కంప్యూటర్లో అదే గెలాక్సీ, అవే కిరణాలు. పైగా ఆ ఫైలు తేదీ తనకంటే నెల ముందుది. తేదీ మార్చడం వీడికి చిటికెలో పని అనుకున్నాడు బావ. ఉద్యోగం ఇప్పించింది తను. ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది తను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే మరి.

గది తలుపు గడియ పెట్టి మీద పడ్డాడు.

"నేను దొంగిలించలేదు బావా," అన్నాడు బావమరిది, నోట్లో నెత్తురు మింగుతూ. "అది నాదే. ఎల్లుండి అందరి ముందూ చెప్తాను. అప్పటిదాకా ఏమీ అడక్కు."

బావకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఇనుప స్టూలు ఎత్తి నెత్తిన కొట్టాడు. బావమరిది చేతులు అడ్డం పెట్టాడు. వేళ్ళు విరిగాయి. మళ్ళీ కొట్టాడు. కిందపడ్డాక కూడా కొట్టాడు. బయటివాళ్ళు తలుపు బద్దలుకొట్టి వచ్చేసరికి నేలంతా నెత్తురు.

సాయంత్రానికి బావమరిది ప్రాణం పోయింది.

ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ణి ఎందుకు పొట్టన పెట్టుకున్నావని భార్య స్టేషన్లో కటకటాలకు తల బాదుకుంది. తను కొట్టింది దొంగనే గాని తమ్ముణ్ణి కాదన్నాడు బావ.

తర్వాత ఆఫీసు పెద్దావిడ వచ్చింది.

"నేను జైలుకు పోతే పోయాను మేడమ్," అన్నాడు బావ. "ఆ గెలాక్సీని మాత్రం నా పేరు మీదే ప్రకటించండి."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరంతా నకిలీని పట్టగలరో లేదో పరీక్షించమని మేం రహస్యంగా అప్పగిస్తే, ఆ గెలాక్సీలో లేని కిరణాలను పుట్టించి మన డేటాలో కలిపింది మీ బావమరిదే."