హారన్ కొట్టరాదు

"తాళాలు ఇటివ్వు," అన్నాడు ఫారెస్టు గార్డు.

వ్యాను డ్రైవరు ఇవ్వలేదు. గుప్పిట బిగించాడు. గార్డు ఆ గుప్పిట విప్పి, తాళాలు లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఇద్దరి మధ్య తారురోడ్డు మీద ఆడ దుప్పి చచ్చిపడి ఉంది. ఒంట్లో వెచ్చదనం ఇంకా పోలేదు. పొదుగు నిండా పాలున్నాయి. దాని పిల్ల పక్కనున్న పొదల్లో నిలబడి, రావాలో పోవాలో తెలియక చూస్తోంది.

ఆ పిల్లను చూసినకొద్దీ గార్డుకి ఒళ్ళు మండిపోతోంది. "అభయారణ్యం అని అంత పెద్ద బోర్డు పెట్టాం. నెమ్మదిగా వెళ్ళమని రాశాం. నీకు కళ్ళున్నాయా, లేవా?"

"నెమ్మదిగానే వస్తున్నా సార్, ఒట్టు. అది చెట్ల దగ్గర నిలబడుంది. అడ్డం వస్తుందేమోనని హారన్ కొట్టా. పారిపోవాల్సింది పోయి నా బండికే ఎదురొచ్చింది."

గార్డు నవ్వాడు.

"హారన్ కొడితే ఎదురొచ్చిందా? నా సర్వీసులో ఇలాంటి కోతలు ఎవడూ కొయ్యలేదు. చప్పుడు వింటే అడవి జంతువు ఆమడ దూరం పోతుంది గానీ, చుట్టంలా నీ ముందుకొచ్చి నిలబడుతుందా? అయినా ఇక్కడ హారన్ కొట్టరాదని కూడా బోర్డుంది. జంతువులు బెదురుతాయనే కదా పెట్టింది."

"చూశా సార్. దుప్పి కనపడేసరికి చెయ్యి దానంతటదే పోయింది."

"బాగుంది. ఒకటి కాదు, రెండు తప్పులు."

గార్డు ఈ అడవికి బదిలీ మీద వచ్చి వారమైనా కాలేదు. అప్పుడే తన కాపలాలో ఒక ప్రాణం పోయింది. ఆ బాధంతా కోపమై డ్రైవరు మీదకే పోతోంది. ఫోను తీసి రేంజరుతో మాట్లాడాడు.

"జీపేసుకుని బయల్దేరాడు. వచ్చి కేసు పెడతాడు. నీ గోడేదో ఆయనకే చెప్పుకో."

కేసు అనగానే డ్రైవరుకి ఉద్యోగం గుర్తొచ్చింది. అతను తోలేది బేకరీవాళ్ళ రొట్టెల వ్యాను. కేసు పడ్డ డ్రైవరుని ఆ యజమాని ఒక్క పూట కూడా ఉంచుకోడు. ఇంటి దగ్గర భార్యకు నెలలు నిండాయి. ఇప్పుడు ఈ పని పోతే ఎవరి మొహం చూడాలి?

"సార్, నా మాట నమ్మకపోతే మా అత్తయ్యని అడగండి. పక్క సీట్లోనే కూర్చునుంది."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఎవరైనా సాక్ష్యానికి అత్తగారిని పిలుచుకుంటారా? అందులోనూ ఈవిడని. కూతురి కాన్పుకని వస్తూ, దారి పొడుగునా అల్లుడి డ్రైవింగుని దుమ్మెత్తిపోసిన మనిషి.

అత్తగారు వ్యాను దిగింది. దుప్పిని చూసింది, పిల్లను చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"నిజం చెప్పండమ్మా. స్పీడుగా తోలాడా?" అని అడిగాడు గార్డు.

"మా అల్లుడా? స్పీడా? సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటుకుపోయాయి నాయనా. ఇలా అయితే నేను చేరేసరికి నా మనవడు బడికి పోతుంటాడని అన్నాను కూడా. ఇతన్ని ఏ విషయంలోనూ నేను మెచ్చుకోను. అడుగు, అతనే చెప్తాడు. కానీ ఇది మాత్రం నిజం. హారన్ విని అది మా మీదికే వచ్చింది."

డ్రైవరు ఆశ్చర్యపోయి అత్తగారి వంక చూశాడు. పెళ్ళయ్యాక ఆవిడ అతని తరఫున మాట్లాడటం ఇదే మొదలు.

"ఒకే బండిలో వచ్చినవాళ్ళు ఒకే మాట చెప్తారు లెండి," అని గార్డు మొహం తిప్పుకున్నాడు. "పట్టు. ముందు దీన్ని పక్కకి లాగుదాం. ఇంకో బండి దీని మీదికెక్కకముందే."

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దుప్పిని రోడ్డు పక్కకు చేర్చారు. డ్రైవరుకి ఏడుపు ఆగలేదు. ఉద్యోగం గురించో, దుప్పి గురించో అతనికే తెలియదు.

అంతలో మలుపు అవతల హారన్ మోగింది. పొడుగ్గా, ఆగకుండా.

"రేంజరు వచ్చేశాడు," అన్నాడు గార్డు.

చెట్ల మధ్య ఏదో కదిలింది. మొదట ఒక దుప్పి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక మందకు మంద. ఒక్కటీ బెదిరినట్టు లేదు. చెవులు నిక్కించి, ఒకదాన్నొకటి తోసుకుంటూ రోడ్డెక్కి హారన్ వినపడ్డ వైపుకే పరుగెత్తుతున్నాయి. పొదల్లోని పిల్ల కూడా వాటి వెంట పడింది.

"హోయ్, వెనక్కి, వెనక్కి!" గార్డు చేతులూపుతూ అడ్డం పరుగెత్తాడు. అవి అతన్ని తప్పించుకుని పోయాయి. డ్రైవరు ఒక్క దూకు దూకి పిల్లను వాటేసుకున్నాడు. దాంతోపాటే రోడ్డు పక్కన పడ్డాడు, మోచేతులు గీరుకుపోయాయి. మలుపులో ఇంజను చప్పుడు దగ్గరైంది. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుంది. కీచుమని బ్రేకు పడింది.

వచ్చింది రేంజరు జీపు కాదు, అటవీశాఖ వాళ్ళ నీళ్ళ ట్యాంకరు. దుప్పులన్నీ దాని చుట్టూ మూగి తలలెత్తి చూస్తున్నాయి.

రోడ్డు పక్కన పడున్న దుప్పి ట్యాంకరు డ్రైవరుకి కనపడలేదు. అతను కిటికీలోంచి తల బయటపెట్టి, కొత్త గార్డుకి నమస్కారం పెట్టి, ముఖమంతా నవ్వు చేసుకుని అన్నాడు:

"చూశారా సార్, ఎలా వస్తున్నాయో? హారన్ మోగితే నీళ్ళొచ్చినట్టని వీటికి నేర్పేసరికి, వేసవంతా నా తల ప్రాణం తోకకొచ్చింది."