దొరసామి ఇల్లు చేరాడా?

కొత్త పేషెంటు మంచం దిగుతూ తూలి, పక్క మంచం మీది గంజి గిన్నె పట్టుకున్నాడు. గంజి మొత్తం పాండి ఒళ్ళో పడింది.

"కండ్లు తెలీదా నీకు?" పాండి అరిచాడు. అరుపు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

కొత్తాయన వంకర మూతితో నవ్వాడు. ఎడమ చేత్తో తుడవబోయి నీళ్ళ చెంబు కూడా పడదోశాడు.

వార్డంతా నవ్వింది. గంజి తెచ్చిన పాండి భార్య రామాయి కూడా నవ్వింది.

"పోనీ మామా. పావం, చెయ్యి పడిపోయుండాది."

"ఎవురప్పా ఈయన?" పాండి అటెండరు యేసుదాసును అడిగాడు.

"పళనిలో మొక్కు తీర్చుకోని బస్సెక్కినాడంట. కోయంబత్తూరులో దిగతానే పడిపోయినాడు. వాతం. నోరూ లేదు, కుడి చెయ్యీ లేదు. ఇంక పేరెవురు చెప్పేది?"

గుండు చూసి వార్డే ఆయనకు మొట్టై అని పేరు పెట్టేసింది.

పాండి మిల్లులో దూది దుమ్ము మింగి మింగి ఆస్పత్రికి చేరినవాడు. ఇక ఇంటికి పోయేది లేదని అతనికి తెలుసు. రామాయికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

అతనికి మిగిలిన సంతోషం ఒక్కటే. తలగడ పక్కన ట్రాన్సిస్టరు, అందులో ఆదివారం మధ్యాహ్నం వచ్చే 'రాకెట్టు దొరసామి' నాటకం.

ఈ దొరసామి ఒట్టి తింగరోడు. కునుకు తీద్దామని, గిడ్డంగి అనుకుని రాకెట్టులో దూరాడు. లేచేసరికి చంద్రమండలం. ఆపమంటే ఎగిరే మీట నొక్కుతాడు. అక్కడి రాజుకు దండం పెట్టి, పక్కనే ఉన్న కిరీటం మీద కూచుంటాడు.

నాటకమంతా తమిళమే. కానీ భయమేస్తే మాత్రం దొరసామికి ఇంటి మాట వచ్చేస్తుంది.

"నేను ఇంటికి పొయ్యేను సామీ! అమ్మ కూడు పెట్టుకోని కాచుకోనుండాది!"

చివర్లో ఎక్కడో భూమ్మీంచి అమ్మ గొంతు పిలుస్తుంది.

"రారా దొరసామీ, కూడు చల్లారిపోతాది!"

రేడియోలో మన తెలుగు! నాలుగు గోడల మధ్య తప్ప ఎక్కడా పలకని మాట. ఆ రెండు ముక్కల కోసం మిల్లు లైను ఇళ్ళన్నీ పొయ్యి మీద ఎసరు మరిచిపోయి వినేవి.

అలాంటి దొరసామి చంద్రుడి మీద చిక్కుకుని ఉండగా నాటకం ఆగిపోయింది.

ఆ ఆదివారం కూడా నాదస్వరమే వేశారు. పాండి ట్రాన్సిస్టరు కట్టేశాడు.

"వాడు ఇల్లు చేరినాడా లేదా రామాయీ? అది తెలీకనే నేను పోతాను."

పోతానన్న మాట అతను అనడం అదే మొదలు. రామాయి ముఖం తిప్పుకుంది.

పక్క మంచం మీద మొట్టై లేచి కూచున్నాడు. "బ... బ..." అన్నాడు. ఖాళీ గంజి గిన్నె తీసి నెత్తిన బోర్లించుకున్నాడు. మంచం కమ్మిని మీటల్లా టకటకా నొక్కాడు. నొక్కి, దభీమని కింద పడ్డాడు.

"చూడండప్పా, మొట్టై దొరసామి ఏసం కట్టినాడు!" ఎవరో అన్నారు. వార్డు విరగబడి నవ్వింది.

పాండికి నవ్వు రాలేదు. "మా దొరసామిని ఎగతాళి చేస్తావా?"

మొట్టై గట్టిగా తల అడ్డంగా ఊపాడు. కాలు ఈడ్చుకుంటూ వాకిలి దాకా పోయాడు. తలుపు తట్టి లోపలికొచ్చాడు. నెత్తిమీది గిన్నె తీసి రామాయి ముందు చాచి, మఠం వేసుకుని కూచుని, లేని అన్నం కలుపుకుని తిన్నాడు. తింటూ పాండినే చూశాడు. కళ్ళల్లో నీళ్ళు.

"నా మింద పోసింది చాలక ఇంకా కంజి కావాలంట వీనికి!"

మొట్టై లేచి ఆత్రంగా పాండి చెయ్యి పట్టుకోబోయాడు. మోచెయ్యి తగిలి ట్రాన్సిస్టరు కింద పడి ముక్కలైంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వీణ్ణి వెళియ, వరండాలో వెయ్యి యేసుదాసూ! నేను చచ్చేలోపల వీని మొగం నాకు కనబడకూడదు."

"వెళియ వానప్పా."

"వెయ్యి!"

యేసుదాసు వరండాలో చాప పరిచాడు. ఐప్పసి నెల వాన, జల్లు గోడదాకా కొడుతోంది. మొట్టై కిటికీలోంచి ఒకటి రెండుసార్లు తొంగి చూశాడు. పాండి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బుధవారం తెల్లారేసరికి మొట్టై కట్టెలా బిగిసి ఉన్నాడు. మోసుకుపోయారు.

ఆ సాయంత్రం ఒక పెద్దావిడ గొడుగు ముడుస్తూ వార్డు గుమ్మంలో నిలబడింది.

"పళని బస్సు దిగి పడిపోయిన మనిషి ఈడుండాడా నాయనా?"

పాండి తల ఎత్తాడు. ఆ గొంతు అతనికి తెలుసు. ప్రతి ఆదివారం విన్న గొంతు.

"అమ్మా... నువ్వు దొరసామి అమ్మవి గదా?"

"అవునప్పా. జానకమ్మాళ్ నా పేరు. రేడియోలో వానికి అమ్మను."

పాండి దగ్గును బలవంతంగా ఆపుకున్నాడు. "అయితే నువ్వే చెప్పమ్మా. దొరసామి ఇల్లు చేరినాడా?"

"నాకేం తెలుసప్పా? కథ కట్టేదీ ఆయనే, దొరసామిగా మాట్లాడేదీ ఆయనే. మొక్కు తీర్చుకోని వచ్చి కడపటి కథ చెప్తానని పళనికి పోయినాడు. ఆస్పత్రి ఆస్పత్రీ తిరిగి వెతుకుతుండాను."

యేసుదాసు తల దించుకున్నాడు. రామాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాండి కిటికీలోంచి వరండా వైపు చూశాడు. తడిసిన చాప ఇంకా అక్కడే ఉంది.

"చేరినాడమ్మా. వాకిలి తట్టి లోపలికొచ్చి, ఈడనే కూచోని కూడు తిన్నాడు. నేనే తెలీక వానలోకి తరిమేస్తిని."